మోకాలిలో మిల్లీమీటరు విలువ

మెదక్‌లో పొద్దున్నే ఏ మైదానం వైపు వెళ్లినా కుర్రాళ్లు కనిపిస్తారు. ఒక మూల కబడ్డీ, ఇంకో మూల క్రికెట్, పక్కనే పోలీసు ఉద్యోగాల కోసం లాంగ్ జంప్ సాధన. వాళ్లలో ఒకరు ఎగిరి ఒంటికాలి మీద దిగుతారు. పాదం నేలను పట్టుకునే ఉంటుంది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగిపోతుంది. లోపల ఏదో 'టప్'మన్నట్టవుతుంది. గంట, రెండు గంటల్లో మోకాలు బూరెలా పొంగుతుంది. అది మీ అబ్బాయో, మీ అమ్మాయో అనుకోండి. ఇంట్లో ఐసు పెడతారు. పసరు కట్టు కట్టించమని ఎవరో సలహా ఇస్తారు. ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదంటారు. అమ్మయ్య అనుకుంటారు.

మూడు వారాలకు వాపు తగ్గుతుంది, నడక వస్తుంది. కానీ మెట్లు దిగుతున్నప్పుడో, బైకు దిగి పక్కకు తిరుగుతున్నప్పుడో మోకాలు ఉన్నట్టుండి జారిపోయినట్టు అవుతుంది. అప్పుడు ఎమ్మారై తీయిస్తారు. ఏసీఎల్ చిరిగిందని రిపోర్టు వస్తుంది. నర్సాపూర్ మీదుగా వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు ప్రయాణం మొదలవుతుంది. అక్కడ మీకు మోకాలి లిగమెంట్ గురించి కన్నా ముందు యంత్రాల గురించి వినిపిస్తుంది. కంప్యూటర్ సాయంతో చేస్తామని ఒకరు, త్రీడీ అని ఇంకొకరు, రోబో అని మరొకరు. ఖర్చు కూడా ఆ మాటలతో పాటే పెరుగుతుంది.

ఈ ఆపరేషన్‌లో కచ్చితత్వం అంటే ఏమిటి? దాన్ని పెంచే పనిముట్లు ఏవి? వాటిలో దేనికి మీరు డబ్బు పెట్టాలి, దేని గురించి కేవలం అడిగి తెలుసుకుంటే చాలు? ఈ వారం వీటి గురించి మాట్లాడుకుందాం.

అందరికీ ఆపరేషన్ కావాలా?

ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలియాలి. తొడ ఎముకను, మోకాలి కింది పెద్ద ఎముకను లోపలి నుంచి కలిపి ఉంచే బలమైన తాడు ఏసీఎల్. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. కింది ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు మెలితిరగకుండా ఆపడం దాని పని. పూర్తిగా తెగితే చాలామందిలో మళ్లీ మునుపటిలా అతుక్కోదు.

అయినా ఏసీఎల్ తెగిన ప్రతి ఒక్కరూ వెంటనే ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన పనిలేదు. స్వీడన్‌లో 121 మంది యువతీ యువకులపై జరిగిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు. మిగతా సగం మందికి ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు వర్గాల మోకాళ్ల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో వర్గంలో సగానికి పైగా మందికి ఆ రెండేళ్లలో ఆపరేషన్ అవసరమే పడలేదు. కాబట్టి కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసే నలభై అయిదేళ్ల వ్యక్తికి మోకాలు జారడం లేదంటే వ్యాయామంతో నెట్టుకురావచ్చు. కబడ్డీ ఆడే ఇరవై ఏళ్ల కుర్రాడికి, మోకాలు పదేపదే జారుతున్నవారికి, లోపలి మెత్తటి దిండులాంటి మెనిస్కస్ కూడా చిరిగినవారికి లెక్క వేరు. జారిన ప్రతిసారీ ఆ దిండు, ఎముక చివరి నున్నటి పొర దెబ్బతింటాయి. వాళ్లు వాయిదా వేస్తే నష్టమే.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

తెగిన లిగమెంట్‌ను కుట్టి సరిచేయడం కుదిరేది కొందరిలోనే. ఎక్కువ మందికి కొత్త తాడు వేస్తారు. తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ నరాన్నో, మోకాలి చిప్ప కింది పట్టీనో కొంత తీసి గ్రాఫ్ట్‌గా మలుస్తారు. మనం వాడుకలో నరం అంటాం గానీ అది కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు. తొడ ఎముకలో ఒక సొరంగం, కింది ఎముకలో ఒక సొరంగం డ్రిల్ చేసి గ్రాఫ్ట్‌ను వాటిలోంచి లాగి బిగిస్తారు. పాత తాడు ఎక్కడ పుట్టి ఎక్కడ ముగిసిందో, కొత్తది కూడా అక్కడే పుట్టి అక్కడే ముగియాలి. ఈ ఆపరేషన్ ఫలితం చాలావరకు ఆ రెండు సొరంగాల నోళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

తలుపుకు బందులు బిగించే వడ్రంగిని గుర్తు తెచ్చుకోండి. బందు మంచిదే, స్క్రూలు మంచివే, కానీ చోటు కాస్త తప్పితే తలుపు గడపకు రాసుకుంటుంది. మోకాలిలోనూ అంతే. తొడ ఎముకలో సొరంగం కొద్దిగా ముందుకు పడితే మోకాలు వంచినప్పుడు గ్రాఫ్ట్ విపరీతంగా బిగుసుకుంటుంది. అప్పుడు కాలు పూర్తిగా మడవలేరు. బలవంతంగా మడిస్తే గ్రాఫ్ట్ సాగిపోతుంది. కింది ఎముకలో సొరంగం ముందుకు పడితే కాలు చాపినప్పుడు గ్రాఫ్ట్ పై ఎముకకు తగులుతుంది, మోకాలు నిటారు కాదు. సొరంగం మరీ పైకి పడి గ్రాఫ్ట్ నిలువుగా నిలిస్తే కాలు ముందుకు జారదు గానీ మెలిక ఆగదు. అలాంటి కుర్రాడు తిన్నగా పరుగెత్తగలడు. కబడ్డీలో రైడర్‌ను తప్పించుకోబోయి పక్కకు తిరిగితే మాత్రం మోకాలు మళ్లీ జారుతుంది.

తొడ ఎముక వైపే తప్పు ఎక్కువ జరగడానికి కారణం ఉంది. మోకాలిలో ఆ ఎముక రెండు గుండ్రటి కొసల మధ్య లోయలాంటి సందు ఉంటుంది. ఆ గోడ మీద ఒక చిన్న ఎముక గట్టు ఉంటుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారు దాన్ని చూసి సందు వెనుక అంచు ఇదేననుకుని అక్కడే డ్రిల్ చేస్తారు. అసలు అంచు ఇంకా వెనుక ఉంటుంది. అందుకే సర్జన్లు ఆ గట్టుకు 'రెసిడెంట్స్ రిడ్జ్', అంటే శిక్షణలో ఉన్న డాక్టర్ల గట్టు అని పేరు పెట్టుకున్నారు. తమ పొరపాటుకు తామే పేరు పెట్టుకుని తర్వాతి తరాన్ని హెచ్చరించడం మంచి అలవాటే.

అమెరికాలో రెండోసారి లిగమెంట్ ఆపరేషన్ అవసరమైన 460 మంది వివరాలు 2010లో ప్రచురితమయ్యాయి. మొదటి ఆపరేషన్ విఫలం కావడానికి కొత్తగా దెబ్బ తగలడం ఒక పెద్ద కారణం. శస్త్రచికిత్సలోనే లోపం ఉందని సర్జన్లు భావించిన కేసుల్లో ఎక్కువగా వినిపించిన మాట ఒకటే: తొడ ఎముకలో సొరంగం సరైన చోట పడలేదు.

కొలిచే పనిముట్లు

మోకాలి లిగమెంట్‌కు కొత్త తాడు వేసే ప్రయత్నం కొత్తదేమీ కాదు. ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్‌లో హే గ్రోవ్స్ అనే సర్జన్ 1917లోనే చేశారు. అప్పట్లో మోకాలిని పూర్తిగా తెరవాల్సి వచ్చేది. 1918లో టోక్యోలో కెంజీ తకాగి మూత్రాశయాన్ని చూసే గొట్టాన్ని మోకాలిలోకి పెట్టి చూశారు. ఆ దారిలోనే ఆయన శిష్యుడు మసాకి వతనబె 1950ల చివరికి వాడుకకు పనికొచ్చే ఆర్థ్రోస్కోప్‌ను తయారు చేశారు. ఇవాళ పెన్సిల్ లావు కెమెరా గొట్టంతో, చిన్న చిన్న కోతలతో పని పూర్తవుతోంది. అయితే కోత చిన్నదైన కొద్దీ కంటికి కనిపించే మేర కూడా తగ్గింది. ఆ కొరతను తీర్చడానికే కొలిచే పనిముట్లు పుట్టాయి.

అన్నిటికన్నా సాదాది మిల్లీమీటర్ల గీతలున్న చిన్న కొలబద్ద. దాన్ని కోతలోంచి లోపలికి పంపి, గోడ పొడవు కొలిచి, డ్రిల్ చేయాల్సిన చోట సూదిమొనతో గుర్తు పెడతారు. కెమెరాను ఏ కోతలోంచి పెట్టారన్నదీ ముఖ్యమే. మోకాలి బయటి వైపు కోతలోంచి చూస్తే తొడ ఎముక గోడ ఏటవాలుగా కనిపిస్తుంది, దూరాలు మోసం చేస్తాయి. లోపలి వైపు కోతలోంచి చూస్తే ఎదురుగా కనిపిస్తుంది. దీనికి ప్రత్యేకంగా ఖర్చేమీ లేదు, అలవాటు ఉండాలంతే.

తర్వాతివి గైడ్‌లు. కింది ఎముకకు వాడే గైడ్ కొక్కెంలా ఉంటుంది. ఒక కొస మోకాలి లోపల గ్రాఫ్ట్ రావాల్సిన చోట ఆనుతుంది. రెండో కొస బయట ఎముక మీద కూర్చుంటుంది. కోణం 55 డిగ్రీల దగ్గర పెట్టి సన్నటి తీగను పంపితే అది నేరుగా ఆ గుర్తు దగ్గరే తేలుతుంది. తొడ ఎముక గైడ్‌కు చివర చిన్న నాలుక ఉంటుంది. అది సందు వెనుక అంచును పట్టుకుంటుంది. లెక్క చూడండి: గ్రాఫ్ట్ 8 మిల్లీమీటర్ల లావు అయితే సొరంగం మధ్య బిందువు నుంచి అంచుకు 4 మిల్లీమీటర్లు. వెనుక గోడ పగలకుండా ఇంకో 1, 2 మిల్లీమీటర్ల ఎముక మిగలాలి. అంటే 5 లేదా 6 మిల్లీమీటర్ల గైడ్ కావాలి. మిల్లీమీటరు విలువ అంటున్నది ఇందుకే. అయితే ఆ నాలుక నిజమైన వెనుక అంచును పట్టుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. గట్టును పట్టుకుంటే గైడ్ కూడా తప్పునే కచ్చితంగా చేసి పెడుతుంది.

గ్రాఫ్ట్ లావు కొలిచే దిమ్మె ఇంకొకటి. అర మిల్లీమీటరు తేడాతో వరుసగా రంధ్రాలుంటాయి. గ్రాఫ్ట్ ఏ రంధ్రంలో బిగుతుగా పడితే ఆ సైజు డ్రిల్ వాడతారు. హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ 8 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉన్న కుర్రాళ్లలో అది మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. సన్నగా వస్తే ఇంకో మడత వేసి లావు చేసుకునే వీలుంది.

ఇక సీ-ఆర్మ్. ఎముకలు అతికించే ఆపరేషన్లు చేసే చాలా థియేటర్లలో ఉండే కదిలే ఎక్స్‌రే యంత్రం ఇది. తీగ పంపాక, డ్రిల్ చేయక ముందు పక్క నుంచి ఒక చిత్రం తీస్తారు. దాని మీద నాలుగడ్డం నాలుగు గడులు గీసినట్టు ఊహించి, తీగ ఎక్కడుందో చూసే పద్ధతిని జర్మన్ వైద్యుడు బెర్నార్డ్ బృందం 1997లో ప్రచురించింది. వెనుక నుంచి సుమారు పావు వంతు, పై నుంచి పావు వంతుకు కాస్త కింద ఉంటే సరైన చోట ఉన్నట్టే. తీగ తప్పితే తీసి మళ్లీ వేయొచ్చు. సొరంగం తప్పితే దిద్దుకోవడం కష్టం. అందుకే ఈ ఒక్క చిత్రం విలువ ఎక్కువ.

కంప్యూటర్ ఏం తేల్చింది?

కంప్యూటర్ నావిగేషన్ 1990లలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మొదలైంది. ఎముకలకు చిన్న పిన్నులు గుచ్చి వాటికి గుర్తులు తగిలిస్తారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాటిని చూస్తూ, పనిముట్టు ఎముక మీద ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. మోకాలు మడిచి చాపితే గ్రాఫ్ట్ పొడవు ఎంత మారుతుందో డ్రిల్ చేయక ముందే చెబుతుంది. ఆలోచన మంచిదే. మరి రోగికి మేలు జరిగిందా?

వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే కొక్రేన్ సంస్థ 2014లో ఈ ప్రశ్న వేసింది. 366 మంది పాల్గొన్న 5 అధ్యయనాలను పరిశీలించింది. కంప్యూటర్ సాయంతో చేయించుకున్నవారి మోకాలు, మామూలుగా చేయించుకున్నవారి మోకాలు కన్నా చెప్పుకోదగినంత బాగా పనిచేస్తోందని తేలలేదు. ఆపరేషన్‌కు పట్టే సమయం మాత్రం పెరిగింది. ఇక హైదరాబాద్ ప్రకటనల్లో మీరు చూసే రోబోలు ఎక్కువగా మోకీలు మార్పిడి కోసం వచ్చినవి. అరిగిపోయిన కీలు మార్చే ఆపరేషన్ వేరు, తెగిన లిగమెంట్ వేసే ఆపరేషన్ వేరు. రోగి ఎమ్మారై, సీటీ చిత్రాల నుంచి త్రీడీ ప్రింటింగ్‌తో గైడ్ తయారు చేసే పద్ధతి ఇంకా అందరికీ వాడే దశకు రాలేదు.

అలాగని యంత్రాలు వృథా అని మేం అనడం లేదు. ఇలాంటి ఆపరేషన్లు తక్కువగా చేసే సర్జన్‌కు, మొదటిది విఫలమై రెండోసారి చేయాల్సి వచ్చిన సంక్లిష్టమైన మోకాలికి అవి తోడ్పడవచ్చు. కానీ నిత్యం ఇవే ఆపరేషన్లు చేసే సర్జన్, కొలబద్ద, సరైన గైడ్, సీ-ఆర్మ్ ఉన్నచోట, కంప్యూటర్ లేదన్న కారణంతో మీరు ఇంకో లక్ష అప్పు చేయాల్సిన అవసరం కనిపించడం లేదు.

మీరు అడగాల్సినవి

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మనకు ప్రశ్నలు గొంతులోనే ఆగిపోతాయి. ఎక్కువ మాట్లాడితే ఏమనుకుంటారోనన్న జంకు ఉంటుంది. కాగితం మీద రాసుకుని వెళ్లండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు చిరాకు పడరు.

"సార్, ఏసీఎల్ ఆపరేషన్లు మీరు నెలకు ఎన్ని చేస్తారు? సొరంగం సరైన చోట పడిందని థియేటర్‌లో ఎలా సరిచూసుకుంటారు? గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీస్తారు, సన్నగా వస్తే ఏం చేస్తారు? ఆపరేషన్ తర్వాత ముందు నుంచి, పక్క నుంచి ఎక్స్‌రే తీసి మాకు చూపిస్తారా?" ఈ నాలుగూ చాలు.

డిశ్చార్జి రోజున బిల్లుతో పాటు మూడు వస్తువులు చేతికి తీసుకోండి. ఆ ఎక్స్‌రే ఒకటి. గ్రాఫ్ట్ ఏది, ఎంత లావు, మెనిస్కస్‌కు ఏం చేశారు అన్న వివరాలతో ఆపరేషన్ నోటు రెండోది. బిగించిన స్క్రూ, బటన్ పెట్టెల మీది స్టిక్కర్లు మూడోది. అయిదేళ్ల తర్వాత ఇంకో ఎమ్మారై తీయాల్సి వచ్చినా, మరో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా ఈ కాగితాలే దారి చూపిస్తాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో 10 లక్షల రూపాయలైంది. మీకు కార్డు ఉంటే లిగమెంట్ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందా అని చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు స్క్రూలు, బటన్ల ఖర్చు దానిలో వస్తుందో లేదో కనుక్కోండి.

కుట్లు విప్పాక అసలు పని

మిల్లీమీటరు తప్పకుండా వేసిన గ్రాఫ్ట్ కూడా మొదటి నెలల్లో బలహీనమవుతుంది. శరీరం దానికి కొత్తగా రక్తనాళాలు పంపి, మెల్లగా లిగమెంట్‌గా మార్చుకుంటుంది. ఆ సమయంలో నొప్పి ఉండదు, వాపు ఉండదు. కాలు బాగైపోయిందని కుర్రాడు అనుకుంటాడు. మూడో నెలలోనే బైకు కిక్ కొడతాడు, నాలుగో నెలలో మైదానానికి వెళ్తాడు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో వెల్లడించిన ఫలితాలు గుర్తుంచుకోండి: తొమ్మిది నెలల వరకు ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మోకాలికి మళ్లీ గాయమయ్యే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. నెలలు లెక్కపెట్టుకుంటే సరిపోదు. ఆపరేషన్ కాలి తొడ కండరం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరాలి. ఒంటికాలి గెంతు దూరం కూడా అంతే రావాలి.

రిషభ్ పంత్ సంగతి మీ పిల్లలకు చెప్పండి. 2022 డిసెంబరు 30న రోడ్డు ప్రమాదం జరిగింది. 2023 జనవరిలో ముంబైలో మోకాలి లిగమెంట్లకు ఆపరేషన్ అయింది. మళ్లీ పోటీ క్రికెట్ ఆడింది 2024 మార్చిలో. దెబ్బ పెద్దదే, కానీ ఆయన వెంట దేశంలోని ఉత్తమ ఫిజియోలు ఉన్నారు. అయినా పద్నాలుగు నెలలు పట్టింది. మన పిల్లలకు తొమ్మిది నెలలు ఎక్కువ కాదు.

ఇక్కడే మెదక్ కుటుంబానికి అసలు ఇబ్బంది. ఆపరేషన్ ఒక్కరోజు పని, దానికి హైదరాబాద్ వెళ్లి వస్తారు. ఫిజియోథెరపీ వారానికి రెండు, మూడు సార్లు, నెలల తరబడి సాగాలి. 2022లో పట్టణానికి రైలు వచ్చినా, జీతం కోల్పోయి ప్రతిసారీ ఆ దూరం వెళ్లడం ఎవరి తరం? రెండు నెలలకే మానేస్తారు. మోకాలు పూర్తిగా చాచుకోదు, తొడ సన్నబడుతుంది. అప్పుడు నెపం సర్జన్ మీదికో, గ్రాఫ్ట్ మీదికో వెళ్తుంది. అందుకే ఆపరేషన్ తేదీ ఖరారు చేయక ముందే ఊళ్లో ఫిజియోథెరపిస్టును మాట్లాడి పెట్టుకోండి. వారం వారీ వ్యాయామాలు సర్జన్‌తో కాగితం మీద రాయించుకుని ఆయనకు ఇవ్వండి.

పాలకులకూ ఒక మాట. 2024లో మెదక్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దాని ఆసుపత్రిలో మోకాలి గాయాలకు ప్రత్యేక ఫిజియోథెరపీ గంటలు కేటాయించడానికి కోట్ల రూపాయల యంత్రాలు అవసరం లేదు. సైకిలు, బరువులు, కొలిచే టేపు, ఓపికున్న మనుషులు కావాలి. ఆసుపత్రులు ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేను, పూర్తి నోటును అడగకుండానే రోగికి ఇవ్వాలని నిబంధన పెట్టాలి. అది ఉంటే కచ్చితత్వం తనంతట తానే పెరుగుతుంది. తన సొరంగం మరొకరు చూస్తారని తెలిసిన సర్జన్ ఇంకోసారి సరిచూసుకుంటారు. బడుల్లో పీఈటీలు ఆటకు ముందు పదిహేను నిమిషాలు గెంతి దిగడం, ఒంటికాలిపై నిలవడం నేర్పితే ఈ గాయాలు సగం వరకు తగ్గుతాయని విదేశీ అనుభవం చెబుతోంది. ఒకే ఆట ఆడినా అబ్బాయిల కన్నా అమ్మాయిలకు ఈ గాయం ముప్పు ఎక్కువ కాబట్టి వారికి ఇది మరీ అవసరం.

మీ ఇంట్లో ఎవరికైనా ఏసీఎల్ అని రిపోర్టు వస్తే కంగారు పడకండి. యంత్రం పేరు కాకుండా, చోటు సరిచూసే పద్ధతి అడగండి. ఎక్స్‌రే అడిగి తీసుకోండి. తొమ్మిది నెలల ఓపిక ముందే కూడగట్టుకోండి. ఇరవై ఏళ్ల మోకాలు ఇంకో అరవై ఏళ్లు మోయాలి.